నడుమ జాగా ఎవరిది? - బొంబాయి బి.డి.డి. చాల్‌ల వాకిలిపై ఒక పరిశీలన

బొంబాయి కార్మికుల చాల్‌ల మీద రాసిన వాళ్ళలో చాలామంది వాకిలిని పొగిడారు. ఉమ్మడి కుళాయి, ఉమ్మడి నడవ, పండగ పందిరి, పిల్లల ఆటలు - వీటన్నిటినీ కలిపి కార్మిక సంస్కృతి అన్నారు. వాస్తుశాస్త్రం తెలిసిన వాళ్ళు అందులో సామూహిక జీవనాన్ని చూశారు. వామపక్షం వాళ్ళు వర్గ ఐక్యతను చూశారు. మంచిదే. అయితే ఆ ఉమ్మడిలో దళితుడు ఎక్కడ నిలబడ్డాడు అనే ప్రశ్నను ఈ రెండు పక్షాలూ దాటేసి పోయాయి. వాకిలి ఉమ్మడి అయింది ప్లాను గీసినందువల్ల కాదనీ, అయినంత మేరకు అది దళితులు పోట్లాడి చేసుకున్నదేననీ మేము అంటున్నాం.

ముందు కట్టడం సంగతి చూద్దాం. 1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో బాంబే డెవలప్‌మెంట్ డైరెక్టరేట్ ఏర్పడింది. మిల్లు కార్మికుల కోసం 50,000 గదులు కడతామన్నారు. ఆ ఖర్చు కోసం నగరానికొచ్చే పత్తి బేలుకు రూపాయి చొప్పున సుంకం వేశారు. చివరికి వర్లీలో 121, నాయగావ్‌లో 42, డిలైల్ రోడ్డులో (నేటి ఎన్.ఎం. జోషి మార్గ్) 32, శివడీలో 12 - మొత్తం 207 చాల్‌లు లేచాయి. గదులు పదహారు వేల పైచిలుకే. అద్దె ఎక్కువ, కాంక్రీటు గదుల్లో గాలీ వెలుతురూ తక్కువ. అందుకే మొదట్లో చాలా గదులు ఖాళీగా పడి ఉన్నాయి. 1930 శాసనోల్లంఘన రోజుల్లో వర్లీ చాల్‌లను ప్రభుత్వం తాత్కాలిక జైలుగా వాడుకుంది. కార్మికుడి ఇంటిని జైలు చెయ్యడానికి పెద్దగా మార్పులు అక్కర్లేకపోయిందంటే ఆ వాస్తు ఎవరి కన్నుతో గీసిందో తెలుస్తూనే ఉంది.

ఒక్కో చాల్‌లో కింద అంతస్తూ, దానిపైన మరో మూడూ. అంతస్తుకు ఇరవై గదులు, మొత్తం ఎనభై. గది 160 చదరపు అడుగులు. మధ్యలో చీకటి నడవ, దానికి రెండు పక్కలా గదులు, అంతస్తు మొత్తానికీ కలిపి మరుగుదొడ్లు. పాత కొయ్య చాల్‌లలో వరండాలు లోపలి వాకిలి వైపు తెరుచుకుని ఉండేవి. ఇక్కడ ఆ వాకిలి కూడా లేదు. కాబట్టి రెండు చాల్‌ల నడుమ మిగిలిన జాగానే వాకిలైంది. బట్టలారేసేదీ, సభ పెట్టేదీ, పెళ్ళి చేసేదీ అక్కడే.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఈ చాల్‌లు లేస్తున్న రోజుల్లోనే, 1923లో, ప్రభుత్వ డబ్బుతో కట్టిన చెరువులూ బావులూ అంటరానివారికి కూడా తెరవాలని బొంబాయి శాసన మండలి బోలే తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేలాది మందితో మహాడ్ చవ్దార్ చెరువు నీళ్ళు తాగితే దాడులు జరిగాయి. అంటే, 'ఉమ్మడి కుళాయి' అన్న మాటను రాసేవాళ్ళు ఎంత తేలిగ్గా రాస్తున్నారో, ఆ మాట నిజం కావడం అంత తేలిక కాలేదు. మిల్లులోనూ అంతే. కండెలోంచి దారాన్ని నోటితో పీల్చాలి కాబట్టి ఎంగిలి, మైల అని నేత ఖాతాలోకి దళితుల్ని రానివ్వలేదు. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ దీన్ని నిలదీశారు. పనిలో మైల పాటించిన కార్మికుడు పొద్దుగూకి చాల్‌కు రాగానే వర్గ సోదరుడైపోతాడా?

చాల్ దళితులకు ఏమీ ఇవ్వలేదని మేము అనటం లేదు. ఊళ్ళో వెలివాడ దాటలేని మనిషికి అక్కడ నెల జీతమూ, ఒక గదీ, గది పక్కన సభా దొరికాయి. 1896 ప్లేగు తర్వాత ఏర్పడ్డ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పరేల్‌లో కట్టిన చాల్‌లో, రెండో అంతస్తులో, 50, 51 నంబర్ల గదుల్లోనే అంబేడ్కర్ ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నారు. అంత పెద్ద ఉద్యమం అంత ఇరుకు గదుల్లోంచే నడిచింది. అయితే దాన్ని వాస్తుకారుడి ఖాతాలో ఎట్లా వేస్తాం?

వాకిలి అసలు ముఖం 1974లో బయటపడింది. జనవరి 5న వర్లీ బి.డి.డి. చాల్‌ల దగ్గర దళిత పాంథర్స్ సభ మీద రాళ్ళు పడ్డాయి. ఆ తర్వాత బౌద్ధ దళితులున్న చాల్‌లకూ సవర్ణులున్న చాల్‌లకూ నడుమ రోజుల తరబడి కొట్లాట నడిచింది. జనవరి 10న పరేల్‌లో పాంథర్ల ఊరేగింపు మీద మేడపైనుంచి విసిరిన రాతికి భాగవత్ జాధవ్ ప్రాణం పోయింది. జస్టిస్ భస్మే కమిషన్ విచారణ చేసింది. రెండు చాల్‌ల మధ్య అన్ని అడుగులుండాలని గీసిన వాళ్ళు గాలి కోసం గీశారు. ఆ జనవరిలో అదే రాయి అందే దూరమైంది. ఒకే కూలి, ఒకే నడవ, ఒకే కొలత గది ఉన్నా కులం చాల్ నంబరులో బతికే ఉంది. ఊళ్ళో వాడ పేరుతో పిలిచేదాన్ని అక్కడ నంబరుతో పిలిచారు, అంతే.

ఇప్పుడా చాల్‌లు కూలుతున్నాయి. శివడీ తప్ప తక్కిన చోట్ల 195 చాల్‌లను తీసి టవర్లు కట్టాలని మహారాష్ట్ర ప్రభుత్వం పథకం పెట్టింది. ఒక్కో కుటుంబానికి 500 చదరపు అడుగుల ఇల్లు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 ఇళ్ళ తాళాలిచ్చారు. 'వాకిలి పోతోంది, జ్ఞాపకం పోతోంది' అని బాధపడే వాళ్ళున్నారు. వందేళ్ళు మరుగుదొడ్డి దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళకు ఇంట్లోనే ఆ సౌకర్యం రావడం చిన్న విషయం కాదు. దాన్ని వారసత్వం పేరుతో తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ కూలేది కాంక్రీటు ఒక్కటే కాదు. ఏ చాల్‌లో ఎవరుండేవారు, ఏ కుళాయి దగ్గర ఎవరు ఎవర్ని ఆపారు, 1974లో ఏ తలుపు ఎవరికోసం తెరుచుకుంది - ఇవి ఏ ప్లానులోనూ లేవు. అక్కడి దళిత స్త్రీల నోట వినాలి, రాసిపెట్టాలి.

ఇది మరాఠీ వాళ్ళ పనే అనుకోవద్దు. బొంబాయిని కట్టడానికి తెలుగు దేశం నుంచి పోయిన కూలీల గుర్తు కామాఠిపురా పేరులోనే ఉంది. ఇక్కడ మన సింగరేణి లైన్లున్నాయి, మిల్లు క్వార్టర్లున్నాయి. వాటి చరిత్ర రాసేటప్పుడు గదులెన్ని, కొలతలెంత అని మాత్రమే అడిగితే చాలదు. కుళాయి దగ్గర ముందు బిందె ఎవరిది, చివరి బిందె ఎవరిది అని కూడా అడగాలి.