కూడు లెక్కల్లో కులం: సుఖదేవ్ థోరాట్ పరిశోధనని ఎలా చదవాలి?

మన దేశంలో ఆకలి మీద పరిశోధనకి తక్కువేం లేదు. ఎకరానికి ఎంత పండింది, గోదాముల్లో ఎంత నిలవుంది, మనిషికి రోజుకి ఎన్ని కేలరీలు అందుతున్నాయి అని లెక్కలు కట్టినవాళ్లు కోకొల్లలు. వాళ్లలో చాలామంది పేదల పక్షాన నిలబడ్డవాళ్లే, కాదనం. కానీ ఆ గింజ ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతోంది, ఏ వీధిలో పోతోంది, పోసేవాడు ఎంత ఎత్తునించి పోస్తున్నాడు అనేది ఆర్థికశాస్త్రానికి చాలాకాలం పట్టలేదు. అది 'సామాజిక సమస్య' అని పక్కకి నెట్టారు. వాడలో ఏ బడిపిల్లని అడిగినా చెప్పగలిగే సంగతి అంకెల రూపంలో విద్వత్పత్రికల దాకా రావడానికి ఇరవై ఒకటో శతాబ్దం కావాల్సి వచ్చింది. దాన్ని అక్కడిదాకా తీసుకుపోయినవాళ్లలో ముఖ్యులు సుఖదేవ్ థోరాట్. ఆయన్ని పొగడటానికో తెగడటానికో మేం పూనుకోలేదు. ఆ పరిశోధన ఎక్కడినించి బయల్దేరింది, ఎక్కడ మలుపు తిరిగింది, ఎక్కడిదాకా వచ్చి ఆగింది అనేది చూడాలి. ఎందుకంటే ఆహారం, వ్యవసాయం, పోషణ మీద పరిశోధనకి పోతున్న మన పిల్లలు ఇవాళ నిలబడి ఉన్నది సరిగ్గా ఆ ఆగినచోటనే.

థోరాట్‌ది మహారాష్ట్రలోని అమరావతి జిల్లా. అంబేడ్కర్ స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ వాళ్ల మిలింద్ కాలేజీలో, ఔరంగాబాదులో చదివారు. తర్వాత ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం. అక్కడే ఆచార్యులయ్యారు. గ్రామీణ పేదరికం, వ్యవసాయం ఆయన రంగం. వాషింగ్టన్‌లోని అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థతో కలిసి పనిచేశారు. షెంగెన్ ఫాన్, పీటర్ హేజెల్‌లతో కలిసి ఆయన రాసిన నివేదికని ఆ సంస్థ 1999లో అచ్చువేసింది. ప్రభుత్వం పల్లెల మీద పెట్టే ఖర్చులో ఏ పద్దు కింద పెట్టిన రూపాయి పేదరికాన్ని ఎక్కువ తగ్గిస్తుంది అనేది అందులో ప్రశ్న. 1970 నించి 1993 దాకా రాష్ట్రాలవారీ అంకెలు పేర్చి, రోడ్ల మీదా వ్యవసాయ పరిశోధన మీదా పెట్టిన ఖర్చే ఎక్కువ పనిచేసిందని తేల్చారు. విధానాలు చేసేవాళ్లు దాన్ని బాగా ఉదహరించారు.

ఆ నివేదిక తప్పని మేం అనడం లేదు. రోడ్డు వస్తే కూలికి పట్నం దగ్గరవుతుంది, నిజమే. కానీ రాష్ట్రం ఒక అంకె అయినప్పుడు ఊరు కనబడదు. ఊరే కనబడనప్పుడు వాడ అసలు కనబడదు. రోడ్డు ఊళ్లోకి వచ్చింది, వాడ దాకా వచ్చిందా? వ్యవసాయ పరిశోధన దిగుబడి పెంచింది, భూమి లేనివాడికి ఏం పెంచింది? సమీకరణం కూలి రేటుని పట్టుకోగలదు, ఆ కూలిని దోసిట్లో పోసే పద్ధతిని పట్టుకోలేదు. పరిశోధకుడు దళితుడైనంత మాత్రాన పద్ధతి దళిత పద్ధతి అయిపోదు. అప్పటికి ఆ రంగంలో గౌరవంగా నిలబడాలంటే ఆ భాషలోనే మాట్లాడాలి. థోరాట్ దాన్ని వాళ్లకంటే బాగానే నేర్చుకుని మాట్లాడారు. ఆ తర్వాతే తన ప్రశ్న తను అడిగారు.

ఈ చూపులేమి ఆర్థికవేత్తల ఒక్కళ్లదే కాదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సంగతి చూడండి. కూనూరు నించి 1958లో ఇక్కడికి వచ్చింది. జొన్న తిని బతికే తెలంగాణ కూలిజనంలో చర్మం నల్లబడి పొలుసులు రాలే పెల్లాగ్రా జబ్బు మీద ఇక్కడే గొప్ప పరిశోధన జరిగింది. జొన్నలో ల్యూసిన్ పాలు ఎక్కువ కావడమే దీనికి మూలమని సి. గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఆ తర్వాత దాని మీద వాదోపవాదాలు చాలా నడిచాయి. పేదరికమే అసలు జబ్బని గోపాలన్‌కి తెలియక కాదు, ఆయన ఆ మాట చాలాసార్లు రాశారు కూడా. అయినా కారణం గింజలో వెతికినంత శ్రద్ధగా కూలి రేటులో వెతకలేదు. పూటపూటా ఉత్త జొన్నే ఎవరు తింటున్నారు, పప్పూ పాలూ ఎవరి గడప దాటి రావడం లేదు అనే ప్రశ్న ప్రయోగశాల గుమ్మం బయటే నిలబడిపోయింది. ఆ ప్రశ్నకీ గుమ్మం బయట నిలబడటం అలవాటే.

సరే, మలుపు దగ్గరికి వద్దాం. 2001 నవంబరు 28న ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు సర్కారు బడుల్లో వండిన భోజనం పెట్టి తీరాలంది. 2003లో ఢిల్లీలో భారతీయ దళిత అధ్యయన సంస్థ మొదలైంది. థోరాట్ దానికి వ్యవస్థాపకులు. ఆ ఏడే ఆ సంస్థ రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల్లో 30 జిల్లాల్లోని 531 ఊళ్లు తిరిగింది. బడి భోజనంలో, రేషన్ షాపులో దళితుల పట్ల ఏం జరుగుతోందో అడిగింది. ఆ ఫలితాలని థోరాట్, జోయెల్ లీ కలిసి 2005 సెప్టెంబరులో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు. మా దృష్టిలో ఆయన రాసినవాటన్నిట్లోకీ ముఖ్యమైన వ్యాసం అదే. ఇంత చిన్న వ్యాసం ఇంత పెద్ద పని చేయడం అరుదు.

అందులో అడిగినవి ఏమిటి? బడి ఏ వీధిలో ఉంది? వండేది ఎవరు? వరసలు వేరుచేసి కూర్చోబెడుతున్నారా? రేషన్ డీలరు ఏ కులం వాడు? తూకం తగ్గిస్తున్నాడా? సరుకు చేతికి ఇస్తున్నాడా, పైనించి వదులుతున్నాడా? అప్పటికి ఉత్తరప్రదేశ్, బీహార్ వండి పెట్టకుండా గింజలే పంచుతున్నాయి. కాబట్టి భోజనం లెక్క మిగతా మూడు రాష్ట్రాలది. వివక్ష ఉందని దళితులు చెప్పిన ఊళ్లు రాజస్థాన్‌లో నూటికి 52, తమిళనాడులో 36, ఆంధ్రప్రదేశ్‌లో 24. బడి ఆధిపత్య కులాల వీధిలో ఉంటే పిల్లలు అటు పోవడానికే జంకుతారు. దళిత స్త్రీ వండితే పైకులాల తల్లిదండ్రులు ఎదురుతిరుగుతారు.

ఈ ప్రశ్నల విలువ తెలియాలంటే అమర్త్య సేన్ పక్కన పెట్టి చూడాలి. 1981లో వచ్చిన 'పావర్టీ అండ్ ఫ్యామిన్స్'లో సేన్ ఒక గొప్ప సంగతి చెప్పారు. తిండి లేక కాదు, ఉన్న తిండి మీద హక్కు లేక జనం చస్తారని. దాన్ని ఎవరూ తక్కువ చేయనక్కర్లేదు. కానీ రేషన్ షాపు ముందు నిలబడ్డ మాదిగ ఆడమనిషికి కార్డుంది, చట్టంలో హక్కుంది, చేతిలో డబ్బుంది, షాపులో బియ్యమూ ఉన్నాయి. సేన్ లెక్క ప్రకారం ఇంక అడ్డేం ఉండకూడదు. హక్కుకీ సంచికీ మధ్య డీలరు చెయ్యి ఉంది, ఆ చేతికి కులం ఉంది. థోరాట్, లీ ఆ చేతిని ఆర్థికశాస్త్రంలోకి లాక్కొచ్చారు. మంచి పని.

ఇక మా పేచీలు. మొదటిది ఆ 24 గురించి. ఆంధ్రప్రదేశ్ మేలు అని ఇక్కడి అధికారులు చెప్పుకోవడానికి ఈ అంకె బాగా పనికొస్తుంది. నాలుగు ఊళ్లకి ఒక ఊళ్లో బడిపిల్లల పళ్లెం దగ్గర కులం అడ్డొస్తోందంటే మేలెక్కడిది? తక్కిన రెంటికంటే తక్కువ ఎందుకుందో కూడా వ్యాసంలోనే ఉంది. దళిత స్త్రీలు వండే ఊళ్లు, దళితవాడలోనే వంట జరిగే ఊళ్లు ఇక్కడ ఎక్కువ. అవి ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత వాడవాడనా పెరిగిన కదలిక లేకుండా ఆ వంటగది వాడలోకి వచ్చేదా అని మేం అడుగుతాం. సర్వే వివక్షని కొలవగలిగింది, పోరాటాన్ని కొలవలేకపోయింది. రెండోది, 'ఉంది', 'లేదు' అని ఊళ్లని విడగొట్టే లెక్కలో తీవ్రత తెలియదు. వరస వేరుచేసిన ఊరూ, వంటామెని తన్ని తరిమిన ఊరూ ఒకే గడిలో పడతాయి. మరి అడగడానికే భయపడి 'ఏం లేదు సారూ' అన్న ఊరు ఏ గడిలో పడుతుంది?

వంటమనుషులుగా దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. ఆర్డరు ఉంది. పదిహేడేళ్ల తర్వాత, 2021 డిసెంబరులో, ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ ప్రభుత్వ కాలేజీలో దళిత స్త్రీ వండిందని పైకులాల పిల్లలు అన్నం ముట్టలేదు. ఆమెని తీసేశారు. అప్పుడు దళిత పిల్లలు, పైకులపామె వండింది మేమూ తినం అన్నారు. గొడవ దేశమంతా పాకాక మొదటామెని తిరిగి తీసుకున్నారు. 531 ఊళ్ల సర్వేలో లేని గడి ఇదిగో ఇదే, ఆ దళిత పిల్లలు చేసిన పని.

థోరాట్ 2006 నించి 2011 దాకా విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షులు. 2007లో ఆయన నాయకత్వంలోని కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది. హాస్టల్ గదుల్లో, మెస్‌లో, ఆటల్లో వెలి ఎలా నడుస్తోందో అది బయటపెట్టింది. రాజస్థాన్ పల్లె బడి వరసనీ, దేశంలోకెల్లా గొప్పదనే వైద్య కళాశాల మెస్ బల్లనీ ఒకే మనిషి పరిశోధించాల్సి వచ్చిందంటే, పళ్లెం చదువుతోపాటు ఎంతదూరం వెంటబడుతుందో చూడండి. పల్లెలో పేదరికం వల్ల అన్నారు, మరి ఎయిమ్స్‌లో దేనివల్ల?

ఇక్కడికి వచ్చాక మా అసలు పేచీ. థోరాట్ పరిశోధనంతటా దళితుడు తిండి అందని మనిషి. ఖాళీ పళ్లెం, తగ్గిన తూకం, వేరు వరస. ఇవన్నీ నిజాలే. కానీ దళితులు తిండి పండించేవాళ్లు, కోసేవాళ్లు, ఎండబెట్టేవాళ్లు, దాచేవాళ్లు కూడా. పెద్దకూర తునకలు దండానికి వేసి ఎండబెట్టి వానాకాలానికి దాచుకున్నది ఎవరు? ఏ గడ్డి ఆకు కూరకి పనికొస్తుందో, దేనితో కడుపు చెడుతుందో కలుపు తీస్తూ నేర్చుకున్నది ఎవరు? ఆ విద్య ఆర్థికశాస్త్రం సర్వేలో పట్టదు. పుణె విశ్వవిద్యాలయం స్త్రీ అధ్యయన కేంద్రంలో షర్మిలా రేగే, ఆమె సహచరులు దళితుల తిండి చరిత్రలూ జ్ఞాపకాలూ పోగుచేసి 2009లో 'ఈజ్‌న్ట్ దిస్ ప్లేట్ ఇండియన్?' అని పుస్తకం వేశారు. శాహూ పాటోళే 2015లో మరాఠీలో 'అన్న హే అపూర్ణబ్రహ్మ' రాశారు. 2024లో అది ఇంగ్లీషులోకీ వచ్చింది. అన్నం పూర్ణబ్రహ్మం అనే మాటకి పేరులోనే జవాబు. పాటోళే ఆచార్యుడు కాదు, ప్రభుత్వ సమాచార శాఖలో ఉద్యోగం చేసినవాడు. ఆహార పరిశోధన విభాగాలు చేయాల్సిన పని ఒక ఉద్యోగి ఇంట్లో కూర్చుని చేశాడు. ఆ విభాగాలు సిగ్గుపడ్డట్టు మాకెక్కడా కనబడలేదు.

తెలుగు నేల మీద ఇంకో వైపు చూడండి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదలకి వరన్నం దొరికింది, దాన్ని ఎవరు తప్పుబట్టినా మేం ఒప్పుకోం. కానీ జొన్న, సజ్జ, కొర్ర పొలాల్లోంచీ వంటింట్లోంచీ వెనక్కి పోయాయి. జహీరాబాద్ చుట్టుపక్కల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగాల్లోని స్త్రీలు, ఎక్కువమంది దళితులే, వదిలేసిన బీడు భూములు దున్ని, విత్తనం దాచి, ఊళ్లోనే జొన్నల రేషన్ నడిపారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. కూలోళ్ల కూడు కాస్తా 'సిరిధాన్యం' అయి పెద్ద హోటళ్ల బల్లలెక్కింది. సభల్లో నిపుణులు మాట్లాడారు. విత్తనం దాచినామె వేదిక మీద ఉంటే గింజల బుట్టతో ఫొటోకి ఉంటుంది. ఆమె చెప్పింది పరిశోధకుడి వ్యాసంలో 'సమాచారం' అవుతుంది. జ్ఞానం ఆమెది, ప్రమోషన్ ఇంకొకరిది.

మన పిల్లల సంగతి దీనికి వేరు కాదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే దాడులు జరిగాయి, కత్తిపోటు దాకా పోయింది. హాస్టల్లో తన తిండి తినలేని విద్యార్థి రేపు పోషకాహారం మీద పీహెచ్‌డీకి పోతే, ఏ తిండిని 'సమతుల ఆహారం' అని రాయమంటారు? మాంసకృత్తులు ఎక్కడ దొరుకుతాయో పట్టికలో ఉంటుంది, చిన్నప్పుడు తన ఇంట్లో ఎక్కడ దొరికాయో రాస్తే అది 'వ్యక్తిగతం' అని గైడు కొట్టేస్తాడు. థోరాట్ వివక్షకి అంకె ఇచ్చాడు కాబట్టి ఆ పిల్లలకి నిలబడటానికి కాస్త చోటు దొరికింది. ఆ అంకెని పట్టుకునే వాళ్లు అమ్మల వంట గురించి మాట్లాడగలగాలి. అంకెలకే పరిమితమైతే మళ్లీ ఆకలిగొన్న బొమ్మగానే మిగులుతాం.

కనక ఇప్పుడు ఎవరైనా ఆ 531 ఊళ్లకి తిరిగి పోతే, మాదొక ప్రతిపాదన. బడిలో వండే ఆమెని 'దళితురాలా, కాదా' అని అడిగి టిక్కు పెట్టుకుని లేవకండి. వందమందికి ఎసరు ఎంత పెడుతుందో, బియ్యం పాతవో కొత్తవో చేత్తో పట్టి ఎలా చెబుతుందో, ఏ పూట ఏ పిల్లోడు ఇంట్లో తినకుండా వచ్చాడో ఆమెకి ఎలా తెలుస్తుందో అడగండి. 2009లో కేంద్రం ఆమెకి నెలకి 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే అని ఖరారు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అది 3000 అయింది. దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. ఆ గౌరవం ఎన్ని నెలలు బాకీ ఉందో కూడా ఆమెనే అడిగి రాసుకోండి.