ఏ నీళ్లు తాగుతున్నారని అడగాలి

ఏళ్ల తరబడి నడుము నొప్పితో బాధపడుతూ వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోగానే ఎమ్మారై కవరు బల్ల మీద పెడతారు. ‘గుజ్జు అరిగిందన్నారు సార్’, ‘నరం నొక్కుకుపోయిందట’, ‘ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ మధ్య గ్యాప్ వచ్చిందన్నారు’. నేను ఆ కవరును కాసేపు పక్కనపెట్టి మాటల్లోకి దిగుతాను. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ వేళ ఎక్కువ, ఏ పని చేస్తారు, ఏ ఊళ్లో పెరిగారు? రోగి చెప్పేది విని, చేత్తో తాకి చూడడం వైద్యంలో మాకు ముందుగా నేర్పిన విద్య. ఈ రోజుల్లో అన్నిటికంటే తక్కువ వాడుతున్నదీ అదే.

స్కాన్ మీద నాకు కోపం లేదు. కానీ అది ఉన్నదాన్ని చూపిస్తుంది, నొప్పెడుతున్నదాన్ని కాదు. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, 64 శాతం మందిలో ఎక్కడో ఒకచోట డిస్కు తేడాగా కనిపించింది. వాళ్లెవరికీ బాధ లేదు. నొప్పి ఉన్న మనిషికి అదే ఫిల్ము తీస్తే మాత్రం దొంగ దొరికాడనుకుంటాం, వెతకడం అక్కడితో ఆపేస్తాం.

వేళ గురించి అడగడంలోనే సగం జవాబు దొరుకుతుంది. రోజంతా బరువులు మోసి సాయంత్రానికి పట్టేసే నడుము వేరు. పాతికేళ్ల కుర్రాడికి తెల్లవారుజామున నొప్పికి మెలకువ వచ్చి, లేచాక అరగంటో గంటో కర్రలా బిగిసిపోయి, నాలుగడుగులు వేశాక తేలికపడే నడుము వేరు. విశ్రాంతితో పెరిగి కదిలితే తగ్గే ఆ నొప్పి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. ‘ఎప్పుడైనా కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయావా?’ అని కూడా అడగాలి. కంటి జబ్బుకూ నడుముకూ సంబంధం ఉంటుందని ఆ కుర్రాడికి తట్టదు. అడగందే చెప్పడు.

ఇక తెలుగు నేల మీద పనిచేసే డాక్టరు మరవకూడని ప్రశ్న నీళ్లది. నల్గొండ వైపు, ప్రకాశం పశ్చిమాన, అనంతపురంలో నడుము, మెడ, మోకాళ్లు ఒకేసారి బిగిసిపోయి వచ్చే మనిషిని చూసినప్పుడు నేను మొదట అడిగేది ఇదే.

‘ఏ నీళ్లు తాగుతారమ్మా?’

‘బోరు నీళ్లే సారూ, ఇంకేం నీళ్లుంటయ్?’

నల్లరాతి పొరల్లోంచి కరిగి నీళ్లలోకి వచ్చే ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు. నీళ్లు కాచినా పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీళ్లను ఎండలో కష్టం చేస్తూ ఏళ్ల తరబడి చెంబులకు చెంబులు తాగితే, ఫ్లోరైడు ఎముకల్లో చేరి వాటిని చిక్కబరుస్తుంది. కీళ్ల చుట్టూ ఉండే పట్టీలు కూడా సున్నం పట్టి గట్టిపడతాయి. వెన్ను వంగదు, గడ్డం ఛాతీకి ఆనదు, గొంతుక్కూర్చోవడం చేతకాదు. వెన్నుపూసల్లో దారి ఇరుకై నరాలు నలిగితే కాళ్లలో తిమ్మిర్లు, మంటలు, చివరికి పట్టు తప్పడం. నడుము, నరాలు, కీళ్లు మూడింటికీ మూడు వేర్వేరు జబ్బుల పేర్లతో మందులు వాడుతున్న మనిషిలో మూలం ఒక్కటే అయి ఉండొచ్చు.

పళ్లు చూస్తే తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. గార పట్టిన పళ్లు గుర్తే, కానీ ఆ మచ్చలు చిన్నతనంలో, పంటి పింగాణీ తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగినవాళ్లకే వస్తాయి. వేరే ఊళ్లో పుట్టి, పెళ్లయి ఈ ఊరికొచ్చిన కోడలికి పళ్లు ముత్యాల్లా ఉంటాయి, వెన్ను మాత్రం బిగిసిపోతుంది. అందుకే ‘పుట్టిల్లు ఎక్కడమ్మా? ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయింది?’ అని అడగడం కబుర్ల కోసం కాదు, రోగ నిర్ణయం కోసం. ఆ తర్వాత ముంజేతికి ఒక మామూలు ఎక్స్‌రే తీయించాలి. రెండెముకల మధ్య ఉండే పొర సున్నం పట్టి అంచు ముళ్లుముళ్లుగా కనిపిస్తే అనుమానం దాదాపు తీరినట్టే. ఎమ్మారై ఖర్చులో అదెంత!

ఈ కారణం పట్టుకున్నవాళ్లు కూడా ఇలా ఊరినీ నీళ్లనూ చూసినవాళ్లే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు ఉందని 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. 1955లో సిద్దిఖీ నల్గొండ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు చేర్చారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న సంగతి లాన్సెట్‌లో ప్రకటించారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తీసే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నల్గొండ పేరే పెట్టింది. ఒక జిల్లా పేరు అలా ప్రపంచానికి తెలియడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు చాలా ఊళ్లకు కృష్ణా నీళ్లు కుళాయిల్లో వస్తున్నాయి. చాలా మంచి పని జరిగింది. అయితే ఎముకలో చేరింది ఏళ్లపాటు అక్కడే ఉంటుంది, బిగిసిన వెన్నును వెనక్కి తెచ్చే మందు లేదు. ముందే పట్టుకుని నీళ్లు మార్చడమే అసలు వైద్యం. పొలానికి వెళ్లినప్పుడు దాహానికి బోరు దగ్గరే దోసిలి పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి ‘ఇంట్లో ఏ నీళ్లు’ అనడంతో సరిపెట్టకుండా ‘పని దగ్గర ఏ నీళ్లు’ అనీ అడుగుతాను.

అన్ని నొప్పులకూ నీళ్లే కారణం కాదు. నడుము నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నులో క్షయ ఉందేమో చూడాలి. మూత్రం బిగిసినా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి, మర్నాటిదాకా ఆగకూడదు. కారణం తెలియకుండానే వారానికో ‘నరాల సూది’, రోజుకో నొప్పి మాత్ర వేసుకుంటూ ఏళ్లు గడిపేస్తే మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. ఒంట్లోంచి ఫ్లోరైడును బయటికి పంపేది కూడా ఆ మూత్రపిండాలే.

నా తోటి డాక్టర్లను కోరేది ఒక్కటే, ఫిల్ము చూసేముందు పది నిమిషాలు మనిషిని విందాం. పాఠకులకు నా విన్నపం: డాక్టరు దగ్గరికి వెళ్లేముందు నొప్పి ఏ వేళ ఎక్కువో, ఏ ఊళ్లో ఎన్నేళ్లు ఉన్నారో, ఏ నీళ్లు తాగారో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. వాళ్లు అడక్కపోయినా చెప్పండి. మీ ఊరి బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఒకసారి పరీక్ష చేయించండి.