రామగిరి లావా, చిగిచెర్ల పేలుడు

పాఠ్యపుస్తకాలు అగ్నిపర్వతాలను ఆకారం చూసి వేరు చేస్తాయి. పల్చని లావా దూరం పారి పరుచుకుంటే హవాయిలోని మౌనా లోవా లాంటి కవచం. లావా, బూడిద పొరమీద పొరగా పేరుకుంటే జపాన్‌లోని ఫ్యూజీ లాంటి శంకువు. మన జిల్లాలో బత్తలపల్లి చుట్టుపక్కల ఈ కొలత పనికిరాదు. ఇక్కడి అగ్నిపర్వతాల రూపం ఎప్పుడో కోసుకుపోయింది, రాయి మాత్రమే మిగిలింది.

బత్తలపల్లికి పడమరగా చిగిచెర్ల. ధర్మవరం దాటి నైరుతికి పోతే రామగిరి. ఒకే ప్రాంతంలో ఉన్న ఈ రెండూ అగ్నిపర్వత శిలలున్న చోట్లే అయినా, వాటి పుట్టుక వేరు, వయసు వేరు.

రామగిరి శిలలు సుమారు 270 కోట్ల ఏళ్లనాటివి. భూమి లోపలి పొర కొంతమేర కరిగి బసాల్ట్ లావాగా పైకొచ్చింది. లావాను చిక్కబరిచే సిలికా బసాల్ట్‌లో దాదాపు సగమే. అంత తక్కువ ఉన్న లావా పల్చగా ఉంటుంది, అందులోని వాయువులు సులువుగా తప్పించుకుంటాయి, అందుకే అది పేలడం కంటే పారడమే ఎక్కువ. ఆ కాలపు లావాలు నీటి అడుగున పారితే ఎలా ఉండేవో చూడాలంటే పొరుగున చిత్రదుర్గ జిల్లాలోని మరడిహళ్లికి వెళ్లాలి. అక్కడ లావా దిండ్లు పేర్చినట్టు గడ్డకట్టింది. రామగిరిలో మాత్రం తర్వాతి వేడి, ఒత్తిడి ఆ బసాల్ట్‌ను ఆంఫిబోలైట్ అనే నల్లని రాయిగా మార్చేశాయి.

చిగిచెర్లది వేరే కథ. వజ్రకరూరు, లత్తవరంలలో ఉన్నట్టే ఇక్కడా కింబర్‌లైట్ పైపులున్నాయి, అంటే వజ్రాలను పైకి మోసుకొచ్చే శిల నిండిన నిలువు గొట్టాలు. ఈ ప్రాంతపు కింబర్‌లైట్ల వయసు దాదాపు 110 కోట్ల ఏళ్లు. కింబర్‌లైట్‌లో సిలికా బసాల్ట్‌లో కంటే కూడా తక్కువ. పాఠం నిజమైతే ఇది ఇంకా సాఫీగా పారాలి. కానీ పేలింది! 150 కిలోమీటర్లకు మించిన లోతునుంచి కార్బన్ డయాక్సైడ్‌ను, నీటిని కలుపుకొని వేగంగా ఎగదన్నుకొచ్చింది. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గింది, వాయువులు ఒక్కసారిగా ఉబ్బాయి, చుట్టూ ఉన్న గ్రానైట్‌ను చీల్చి పైన వెడల్పుగా, కిందికి సన్నగా గొట్టం తవ్వాయి. గోలీసోడా పొంగడానికి దాని చిక్కదనం కారణం కాదు కదా.

పిల్లలకు మనం చెప్పే సూత్రంలో లోపం ఇక్కడే ఉంది. చిక్కదనం ముఖ్యమే, కానీ ఎంత వాయువు మోసుకొచ్చింది, ఎంత లోతునుంచి, ఎంత వేగంగా వచ్చింది అన్నవి అంతకంటే ముఖ్యం. ఈ మాట చెప్పడానికి చిగిచెర్ల చాలు. మన జిల్లా పిల్లలు ఫ్యూజీ బొమ్మ గీస్తారు గానీ ఇంటి పక్కనున్న ఈ పైపు పేరు వినరు. అది నాకు బాధగా ఉంటుంది.

సంపద విషయంలోనూ రెండింటికీ తేడా ఉంది. రామగిరిలో దొరికిన బంగారం లావాతో పారి రాలేదు. తర్వాత శిలలు నలిగి చీలినచోట వేడినీళ్లు చొరబడి, పలుగురాతి చారల్లో దాన్ని దాచిపోయాయి. వజ్రం కూడా కింబర్‌లైట్‌లో పుట్టింది కాదు. అంతకుముందే లోతుల్లో తయారై ఉన్న దాన్ని కింబర్‌లైట్ దారిలో ఎక్కించుకొచ్చింది. ఆ ప్రయాణం మెల్లగా సాగి ఉంటే వజ్రం మిగిలేది కాదు. తొలకరి వానకు వజ్రకరూరు చేలల్లో జనం వంగి వెతికేది అలాంటి పేలుళ్ల వేగం కాపాడిన రాళ్లనే.