ఆడిషన్ గదిలో మన సాధన

సింగపూర్‌లో వయొలిన్ నేర్చుకునే మన పిల్లల్లో కొందరికి రెండు చదువులు ఒకేసారి సాగుతుంటాయి. బడిలో నిలబడి, వాద్యాన్ని గడ్డం కింద ఆనించుకుని బాఖ్ సాధన చేస్తారు. వారాంతంలో గురువుగారి ఎదుట బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలను కుడి చీలమండ మీద మోపి వర్ణం వాయిస్తారు. జూనియర్ కాలేజీ ముగించి సంగీతంలోనే డిగ్రీ చేస్తామన్నప్పుడు ఇంట్లో పెద్దలకు తోచే మొదటి సలహా, “ఆడిషన్ అయ్యేదాకా కర్ణాటకం పక్కన పెట్టమ్మా” అని. ఆ సలహా వినవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇక్కడ ఆ డిగ్రీకి రెండు ముఖ్యమైన దారులున్నాయి. నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్‌లోని యోంగ్ స్యూ తో కన్సర్వేటరీ 2001లో అమెరికాలోని పీబాడీ ఇన్‌స్టిట్యూట్ సహకారంతో ఏర్పడి, 2003లో తొలి విద్యార్థులను చేర్చుకుంది. రెండోది 2024లో మొదలైన యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్. 1938 నాటి నాన్యాంగ్ అకాడమీ, 1984 నాటి లాసాల్ కళాశాల అందులో భాగమయ్యాయి. కర్ణాటక సంగీతానికి 1949లో పుట్టిన సింగపూర్ ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ ఉంది. అయినా కన్సర్వేటరీలో వయొలిన్ సీటు కావాలంటే పాశ్చాత్య పద్ధతిలో ఆరితేరినవారి ముందే వాయించాలి. వేర్వేరు కాలాలకు చెందిన రచనలు, కొన్నిచోట్ల స్కేళ్ళు, ఎన్నడూ చూడని స్వరలిపిని చూస్తూ వాయించడం, విన్నదాన్ని గుర్తుపట్టడం, ఆ తర్వాత కాసేపు మాటలు. అడిగేవి సుమారుగా ఇవి.

ఈ పరీక్షకు మన పాఠం పనికివచ్చే మొదటి చోటు కాలం. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మూడు కాలాల్లో పాడిస్తారు కదా. చేత్తో వేసే తాళం వేగం మారదు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. పాశ్చాత్య విద్యార్థి సాధారణంగా మెట్రోనోమ్ వేగాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతాడు. అదీ మంచి పద్ధతే. కానీ కదలని లయ మీద స్వరాలను రెట్టింపు చేసేవాడికి లోపల ఒక స్థిరమైన నడక ఏర్పడుతుంది. పగనిని కాప్రిస్‌లో వేళ్ళు తడబడే భాగాన్ని ఇలా మూడు కాలాల్లో సాధన చేయించి చూడండి, తడబాటు ఎక్కడ మొదలవుతోందో రెండో కాలంలోనే తెలిసిపోతుంది. పచ్చిమిరియం ఆదిఅప్పయ్య భైరవి వర్ణాన్ని, పద్నాలుగు అక్షరాల అట తాళంలో, రెండు కాలాల్లో తొణక్కుండా వాయించగల పిల్లకు ఓర్పు గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండో చోటు శ్రుతి. తంబూరా మోగుతుండగా అంతర గాంధారం పట్టేటప్పుడు చెవి సహజంగా 5:4 నిష్పత్తి దగ్గర ఆగుతుంది. పియానోలో అదే స్వరం 14 సెంట్లు పైన ఉంటుంది. అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు. ఈ తేడా తెలియని పిల్ల తంబూరాతో చక్కగా సాధన చేసి, పియానో సహకారంతో వాయించే రోజున తన గాంధారం ఎందుకు తగ్గినట్టుందో అర్థంకాక కంగారుపడుతుంది. తెలిసిన పిల్ల ఒంటరిగా వాయించే బాఖ్‌లో ఒకలా, పియానోతో వాయించే కచేరీ రచనలో మరోలా వేలు పెడుతుంది. సాధన రెండిటితోనూ జరగాలి.

ఘర్షణ లేకపోలేదు. మన తంత్రులు స-ప-స-ప, వాళ్ళవి జి-డి-ఎ-ఇ. మనం కూర్చున్నప్పుడు వాద్యం ఛాతీకీ పాదానికీ మధ్య నిలుస్తుంది కాబట్టి ఎడమచెయ్యి గమకం కోసం తంత్రి మీద స్వేచ్ఛగా జారుతుంది. ఆ జారుడు బాఖ్‌లోకి వస్తే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అందుకే ఆడిషన్ దగ్గరపడే నెలల్లో రెండు సాధనల మధ్య కొంత విరామం ఉంచి, పాశ్చాత్య పాఠానికి ముందు కదలని దీర్ఘ స్వరాలు కాసేపు వాయించడం మంచిది. మానేయాల్సిన పని లేదు.

నిజమైన లోటు స్వరలిపి చదవడంలో ఉంది. గురుముఖంగా నేర్చినవారికి చెవి పదునెక్కుతుంది, కన్ను వెనకబడుతుంది. దీనికి మన సంప్రదాయంలోనే ఒక మందు దొరుకుతుంది. చిన్నస్వామి మొదలియార్ 1890ల్లోనే కర్ణాటక కృతులను యూరోపియన్ స్వరలిపిలోకి మార్చి అచ్చువేశారు. ఆయన ప్రోత్సాహం పొందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురం నుంచి సంగీత సంప్రదాయ ప్రదర్శినిని వెలువరించారు. తెలుగు లిపిలో, గమకాలకు వేర్వేరు గుర్తులతో. విద్యార్థి తనకు కంఠతా వచ్చిన ఒక కృతిని అయిదు గీతల మీద తానే రాసుకోవాలి. తెలిసిన సంగీతం కాబట్టి కన్ను భయపడదు. ఏ గమకం ఆ గీతల్లో ఒదగలేదో చెప్పగలిగితే, మాటల దగ్గర అదే మంచి విషయమవుతుంది.

రెండు పద్ధతులూ ఒక చేతిలో ఇమడవని అనుకునేవారికి ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని గుర్తుచేస్తాను. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరడానికి వెళ్తే, అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయన వాయించింది విని ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారని చెప్పుకుంటారు. మన భాషలో ఇంతకన్నా గొప్ప ఆడిషన్ కథ నాకు తెలియదు. పాశ్చాత్య వయొలిన్ వాదనాన్ని చెవులప్పగించి విన్న మనిషి ఆయన. కమాను నిండుగా లాగే తీరులో అది కనిపిస్తుంది. 1952లో మద్రాసులో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ ఆయన వాయించింది విని మెచ్చుకున్నాడు.

చివరిగా ఒక సాధన. నిర్ణేతలు రచన మధ్యలో ఆపి, ఇంకోచోటి నుంచి వాయించమనడం మామూలే. కల్పనస్వరం వేసేవారు ఎంత దూరం వెళ్ళినా ఎడుపుకు, అంటే పాట ఎత్తుకునే చోటికి, సరిగ్గా దిగడం నేర్చుకుని ఉంటారు. ఆ అలవాటును బాఖ్‌కూ తేవాలి. ప్రతి రచనలోనూ అయిదారు చోట్లు గుర్తుపెట్టుకుని, ఇంట్లోవాళ్ళు ఏది అడిగితే అక్కణ్ణుంచి, ముందు భాగం తడుముకోకుండా ఎత్తుకోవాలి.