సైకిలు హెల్మెట్టు వివాదము: కనబడని హారము

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు రోడ్డు మీద బడివేళకు నిలుచుండి చూచినచో సైకిళ్ళపై పోవు విద్యార్థులు కనబడుదురు. వీపున పుస్తకముల సంచి, కొందరికి వెనుక క్యారియరు మీద చెల్లెలో తమ్ముడో. వారి ప్రక్కనుండియే ఆర్టీసీ బస్సులు, చెరకు ట్రాక్టర్లు, లారీలు, మోటారు సైకిళ్ళు పోవుచుండును. మోటారు సైకిలు నడుపువాని తలపై హెల్మెట్టు ఉండవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను విధించినది. 2019లో జరిగిన సవరణ ప్రకారము నాలుగేండ్లు దాటిన వారందరు, వెనుక కూర్చున్నను సరే, ఆ నియమమునకు లోబడినవారే. కాని సైకిలు మోటారు వాహనము కాదు. కావున దానిపై పోవు బాలుని తలను గూర్చి ఆ సెక్షను ఏమియు చెప్పదు.

ఆ బాలునికి కూడ హెల్మెట్టు తప్పనిసరి చేయవలెనా? ఈ ప్రశ్నపై పాశ్చాత్య దేశములలో ముప్పదియేండ్లకు పైగా వాదోపవాదములు జరుగుచున్నవి. ఒక పక్షమువారు హెల్మెట్టు తలదెబ్బలను నూటికి 85 పాళ్ళు తగ్గించునని చెప్పుదురు. రెండవ పక్షమువారు చట్టము చేసిన దేశములలో ఆశించిన మేలు కనబడలేదని చెప్పుదురు. ఇరువురును అంకెలే చూపుచున్నారు. ఆ అంకెలు కల్పితములును కావు. అయితే వేర్వేరు ప్రశ్నలకు సమాధానములు చెప్పుచు, ఒకే ప్రశ్నపై తగవులాడుచున్నామని ఇరుపక్షములును భ్రమపడుచున్నవి. తల నేలకు తగిలినపుడు హెల్మెట్టు ఏమి చేయుననునది మొదటి ప్రశ్న. ఒక దేశమంతట హెల్మెట్టు తొడిగించినపుడు ఏమి జరుగుననునది రెండవది.

మొదటిది భౌతికశాస్త్రమునకు లొంగునట్టిది. సైకిలుపై కూర్చున్నవాని తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తున ఉండును. యూరపు ప్రమాణము సైకిలు హెల్మెట్టును ఇంచుమించు ఆ ఎత్తునుండి పడునప్పటి వేగముతోనే, అనగా సెకనుకు 5.42 మీటర్లతో, చదునైన ఇనుప దిమ్మెకు తాకించి పరీక్షించును. లోనున్న కృత్రిమ శిరస్సు పొందు త్వరణము గురుత్వ త్వరణమునకు 250 రెట్లు మించరాదు. ఈ లెక్కను తొమ్మిదవ తరగతి విద్యార్థి తానే చేయగలడు. వేగము యొక్క వర్గము 29.4. హెల్మెట్టు నలుగుటవలన తల రెండు సెంటీమీటర్ల దూరములో ఆగినదనుకొందము. వేగవర్గమును ఆ దూరమునకు రెట్టింపుతో, అనగా 0.04తో, భాగించిన 735 వచ్చును. అది గురుత్వ త్వరణమునకు 75 రెట్లు. అదే తల బోడిగా రాతికి తగిలి మూడు మిల్లీమీటర్లలోనే ఆగినచో 500 రెట్లు. హెల్మెట్టు మహిమ అంతయు ఆ 1.7 సెంటీమీటర్ల అదనపు దూరములోనే ఉన్నది. లోపల నుండు థర్మోకోలు వంటి పదార్థము నలిగి శక్తిని మ్రింగును. ఒకసారి నలిగినది మరల పూర్వస్థితికి రాదు. పైకి చెక్కుచెదరనట్లున్నను దాని పని ముగిసినదే. లోపల ఆ పొరయే లేని ప్లాస్టిక్ చిప్పను హెల్మెట్టని పిలుచుట బజారు మర్యాద మాత్రమే.

ఈ సందర్భమున ఒక పాత సంఘటన చెప్పదగినది. 1935 మే నెలలో ఇంగ్లండులో టి. ఇ. లారెన్సు మోటారు సైకిలుపై పోవుచు, సైకిళ్ళపై ఉన్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడి, తలదెబ్బతో ఆరు దినములకు మరణించెను. అతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆయన మోటారు సైకిలు నడుపువారి తలదెబ్బలను పరిశీలించి, హెల్మెట్టు ప్రాముఖ్యమును గూర్చి 1941లో వ్యాసము ప్రకటించెను. అదే ఆక్స్‌ఫర్డులో హోల్బోర్ను అను భౌతికశాస్త్రజ్ఞుడు జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి, సూటిదెబ్బ కంటె తల గిరుక్కున తిరుగుటయే మెదడును ఎక్కువగా చీల్చునని 1943లో చూపెను. పైన చెప్పిన పరీక్ష ఈ తిరుగుడును కొలువదు. హెల్మెట్టును శంకించువారి వాదములలో ఇది గట్టిది. అయినను పరీక్ష కొలువనిది ఉన్నదనుటకును, వస్తువు నిరుపయోగమనుటకును చాల దూరమున్నది. ఆ దూరమును వారు ఒక్క గంతులో దాటుదురు.

ఇక 85 అను అంకె. అది అమెరికాలోని సియాటిల్ నగరమున జరిగి 1989లో ప్రకటింపబడిన పరిశోధనలోనిది. తలదెబ్బలతో ఆసుపత్రికి వచ్చిన 235 మంది సైకిలు ప్రయాణికులలో హెల్మెట్టు ధరించినవారు నూటికి 7గురు. ఇతర గాయములతో వచ్చిన 433 మందిలో నూటికి 24గురు. ధరించినవారికిని ధరించనివారికిని గల నిష్పత్తి మొదటి గుంపులో ఏడుకు తొంబదిమూడు, రెండవదానిలో ఇరువదినాలుగుకు డెబ్బదియారు. మొదటిది రెండవదానిలో నాలుగవ వంతు కంటె కొంచెము తక్కువ. వయస్సు, ఆదాయము, అనుభవము మొదలగు భేదములను సర్దిన మీదట పరిశోధకులు 85 శాతమునకు వచ్చిరి. లోపము వారి గణితములో లేదు. ఆ కాలమున హెల్మెట్టు కొనువారు మిక్కిలి కొద్దిమంది. అట్టి జాగ్రత్తపరులు త్రోవలలో సైతము జాగ్రత్తగానే పోవుదురు గదా! ఆ జాగ్రత్త ఫలమును ఎంత సర్దినను పూర్తిగా విడదీయుట కష్టము. తరువాత 2016లో ఆలివియర్, క్రైటన్ అనువారు 40 పరిశోధనలను, 64,000 మందికి పైగా క్షతగాత్రులను కలిపి లెక్కించిరి. తలదెబ్బ అవకాశము 51 శాతము, తీవ్రమైన తలదెబ్బ అవకాశము 69 శాతము తగ్గునని తేలినది. ఇది చిన్న మేలు కాదు. ఇంతటి అంకె చేతిలో నుండగా ఇంకను 85నే పట్టుకొని వ్రేలాడుట హెల్మెట్టు పక్షమునకే చేటు.

అయితే ఈ లెక్కలన్నియు ప్రమాదము జరిగిన పిమ్మటి సంగతినే చెప్పుచున్నవి. రెండవ ప్రశ్నకు సాక్ష్యము ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము. అక్కడ 1990 జూలై 1న సైకిలు హెల్మెట్టు తప్పనిసరి అయినది. ధరించువారు నూటికి 31 నుండి ఒక సంవత్సరములో 75కు పెరిగిరి, తలదెబ్బలు తగ్గినవి. కాని మెల్బోర్న్ నగరమున లెక్క తీసిన చోట్ల సైకిలు త్రొక్కువారే మూడవ వంతుకు పైగా తగ్గిరని డొరోతి రాబిన్సన్ అను గణాంకశాస్త్రజ్ఞురాలు ఎత్తిచూపెను. సైకిలు మానుకొన్న బాలుని తల కూడ హెల్మెట్టు కాపాడిన తలగా లెక్కకు వచ్చినదన్నమాట! ఈ ఆక్షేపణ సరియైనదే. కాని అదే కాలములో ఆ రాష్ట్రమున వేగమును పట్టు కెమెరాలు, త్రాగి నడుపువారిపై చర్యలు కూడ ముమ్మరమైనవి. తగ్గుదలను ఒక్కదానికే కట్టబెట్టుటకు ఇరుపక్షములకును హక్కు లేదు. నెదర్లాండ్స్‌లో ఎవరును హెల్మెట్టు పెట్టుకొనరు, అయినను క్షేమముగా నున్నారు గదా అని మరికొందరందురు. అచ్చట సైకిళ్ళకు ప్రత్యేకమైన త్రోవలున్నవి. ఆ త్రోవలు తెచ్చుకొనక బోడితలలను మాత్రము తెచ్చుకొనుట తెలివియా?

ఇప్పుడు మన దేశపు లెక్క. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారము 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో మోటారు ద్విచక్రవాహనములపై పోవువారు 74,897; సైకిళ్ళపై పోవువారు నూటికి దాదాపు ముగ్గురు. ద్విచక్రవాహనములపై మరణించినవారిలో 50,029 మందికి హెల్మెట్టు లేదు. ఈ చివరి అంకెను చూపి, హెల్మెట్టు లేకపోవుటచేతనే వారందరు మరణించిరని ఉపన్యాసకులు చెప్పుచుందురు. ఆ అంకె అట్లు చెప్పుచున్నదా?

మిగిలిన 24,868 మంది హెల్మెట్టు ధరించినవారే అని లెక్కకొరకు అనుకొందము. ధరించక మరణించినవారు వీరికి సుమారు రెట్టింపు. రోడ్డు మీద పోవు మువ్వురిలో ఇరువురు హెల్మెట్టు లేకయే పోవుచున్నారనుకొన్నచో, మృతులలోను అదే పాలు ఉన్నది. అనగా హెల్మెట్టు వలన ప్రయోజనమే లేదని తేలును! మువ్వురిలో ఒక్కడే లేకుండ పోవుచున్నాడనుకొన్నచో, వానికి మరణభయము నాలుగు రెట్లని తేలును. లవము ఒక్కటే, హారము మారగానే తీర్పు తలక్రిందులైనది. ఎందరు ధరించి తిరుగుచున్నారో చెప్పక, ఎందరు ధరించక మరణించిరో మాత్రము చెప్పుట సగము భిన్నము వ్రాసి మార్కులు అడుగుట వంటిది. హెల్మెట్టు మేలు చేయునని నమ్ముటకు వేరే గట్టి ఆధారములున్నవి. ఈ 50,029 మాత్రము అందులోనిది కాదు.

సైకిలు బాలుని విషయములో మరియొక చిక్కు కలదు. పరీక్షవేగము గంటకు 19.5 కిలోమీటర్లు. కంకర అంచున జారి పడిన బాలుని తల తగులునది ఇంచుమించు ఇట్టి వేగముతోనే. హెల్మెట్టు తయారైనది ఆ పతనము కొరకే. కాని కామారెడ్డి ప్రక్కనుండి 44వ జాతీయ రహదారి పోవుచున్నది. 2018 నోటిఫికేషను ప్రకారము నాలుగు వరుసల విభజిత రోడ్లపై సరకు లారీలకు గరిష్ఠవేగము 80 కిలోమీటర్లు. వేగము నాలుగు రెట్లు దాటినది. శక్తి వర్గముతో పెరుగును గనుక దాదాపు 17 రెట్లగును. ఆ దెబ్బకు రెండు సెంటీమీటర్ల నురుగు ఏమి సమాధానము చెప్పగలదు? కనుక రోడ్డు అంచు, వేగనిరోధకము, సైకిలు వెనుక మెరుపుబిళ్ళ, వీటి మాట తలపెట్టక హెల్మెట్టొక్కటే పంచి ఊరకుండు సభలను విమర్శించుట న్యాయమే. ఆ విమర్శను సాకుగా తీసికొని, పడినపుడు పనికివచ్చు వస్తువును బాలుని తలమీదనుండి తీసివేయుట న్యాయము కాదు. తండ్రి మోటారు సైకిలు హెల్మెట్టును పిల్లవాని తలపై బోర్లించుట కూడ చాలదు. వదులుగా నున్నది మొదటి కుదుపునకే జారును. గడ్డము క్రింద పట్టీ బిగింపనిది తలకంటె ముందే నేల చేరును.

కావలసిన హారమును పొందుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. బడి గేటుకు లోపల సురక్షితముగా నిలిచి, ఒక గంటసేపు పోవు సైకిళ్ళెన్ని, మోటారు సైకిళ్ళెన్ని, వాటిలో హెల్మెట్టు ఉన్నవారెందరు, పట్టీ బిగించినవారెందరు అని నాలుగు గడులలో గీతలు గీయుట తొమ్మిదవ తరగతి గణాంకపాఠమునకు సరిపోవు పని. కామారెడ్డిలో ఒక బడి, ఎల్లారెడ్డిలో ఒక బడి ఒకే వారములో దీనిని చేసి, వానకాలమున ఒకసారి, ఎండకాలమున ఒకసారి తిరిగి లెక్కించినచో, ఈ రెండు పట్టణములకు సంబంధించినంతవరకు ఆ భిన్నము క్రింది భాగము నిండును. పై భాగమును నింపుటకు పోలీసు కాగితములలో హెల్మెట్టు ఉన్నదా లేదా అనుటతో ఆగక, తల దేనికి తగిలినది, ఎదుటి వాహనము ఏది, పట్టీ బిగించి యున్నదా అని మూడు మాటలు అదనముగా వ్రాయవలసి యుండును.