పద్యం గొంతు, ఫేడర్ మీద వేలు

పద్యనాటకాన్ని మిక్స్ చెయ్యడం రాక్ బ్యాండును మిక్స్ చెయ్యడం కన్నా కష్టం. రాక్ పాటలో డ్రమ్స్ దరువు అందరినీ ఒక తాటి మీద నడిపిస్తుంది. పద్యానికి తాళమే ఉండదు. నటుడు ఆగినచోట హార్మోనియం ఆగాలి, రాగం అందుకుంటే వెంటపడాలి. కంప్యూటర్ తెర మీద గళ్లు గీసుకుని ముక్కలు అతికించే పని ఇక్కడ సాగదు.

ఈ బాణీ మైకు లేని రోజులది. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో వేషాలు కట్టేవారు. ఆ తరం నటుల గొంతు ఆఖరి వరస దాకా తనంతట తానే వెళ్లాలి. మైకులొచ్చినా ఆ అలవాటు పోలేదు. సంభాషణ మామూలు గొంతుతోనే, పద్యం చివర మాత్రం తారస్థాయి. రెండింటికీ 20 డెసిబెల్స్ దాకా తేడా వస్తుంది.

ఈ తేడాను సినిమా గాయకులు మరోలా దాటేవారు. రేపల్లె దగ్గర పల్లపట్లలో 1938లో పుట్టిన ఎస్.జానకి 1957లో సినిమాల్లోకి వచ్చేనాటికి, గాయకులూ వాద్యబృందమూ కలిసి ఒకేసారి రికార్డు చేసేవారు. గొంతు పెంచేచోట మైకుకు కాస్త ఎడంగా జరగడం అప్పటి విద్య. గద పట్టిన భీముడు అలా జరగలేడు కదా! ఆ పని ఫేడర్ మీది వేలు చెయ్యాలి.

అందుకే రెండు రకాల సామానూ కావాలి. స్టేజీ మీది అనలాగ్ మిక్సర్ నుంచి గొంతు, హార్మోనియం, తబలా విడివిడిగా ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవాలి. టేపు కాలంలో బుస్సుమనే చప్పుడు మరుగుపడాలని లెవెల్ పెంచేవాళ్లు. 24 బిట్‌లో ఆ తొందర లేదు. మాటలు మైనస్ 30 దగ్గరున్నా చాలు, తారస్థాయికి చోటు మిగులుతుంది.

హార్మోనియం రీడ్లూ గొంతులోని హల్లులూ 2 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలే కొట్టుకుంటాయి. నటుడు పాడుతున్నంతసేపూ అక్కడ హార్మోనియాన్ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి, ఆపగానే వదిలెయ్యడం డిజిటల్ ఈక్యూకి చిటికెలో పని. గొంతును మాత్రం బయటి అనలాగ్ కంప్రెసర్‌కి పంపి తెచ్చుకుంటే వెచ్చగా ఉంటుంది. అదీ కాస్త తాకీ తాకనట్టు. గట్టిగా నొక్కితే తారస్థాయి, సంభాషణ ఒకే ఎత్తుకొచ్చి పద్యం చచ్చిపోతుంది.

ఇక్కడో చిక్కుంది. అలా వెళ్లొచ్చిన గొంతు 2 మిల్లీసెకన్లు వెనకబడిందనుకోండి, దాన్ని అసలు గొంతుతో సమానంగా కలిపితే 250, 750, 1250 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. వెనకబడినంత మేర అసలుదాన్నీ జరిపితే సరి.

ఇక ఈకో. స్టేజీ మీద అదంటే మనవాళ్లకు మహా మోజు. రికార్డులో అదే పెడితే పొడవాటి సమాసాలు కలగాపులగమవుతాయి. రాగం చివర మాత్రమే కొంచెం తెరవాలి. ‘వన్స్ మోర్’ కేకలను కోసెయ్యమని కొందరు అడుగుతారు. నేనైతే కొయ్యను. ఆ కేక విన్న నటుడు రెండోసారి అదే పద్యాన్ని అదే తీరులో పాడడు.