ప్రభువు వాద్యం, పనివాడి సంగీతం

మనుచరిత్ర పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి అడిగాడు: "రాజుకి అంకితమిచ్చింది మనకెందుకు మాస్టారూ?" అప్పుడు నేనిచ్చిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఇటీవల హేడన్ బారిటన్ ట్రయోలు రికార్డులో విన్నప్పుడు ఆ ప్రశ్న మళ్లీ ఎదురొచ్చింది. పాశ్చాత్య సంగీతశాస్త్రంలో నేను పండితుణ్ణి కాను. ఒక సాహిత్య విద్యార్థిగానే ఈ నాలుగు మాటలు.

బారిటన్ కమానుతో వాయించే తంత్రీవాద్యం. ముందువైపు ఆరేడు నరం తీగలు, మెడ వెనుక లోహపు తీగలు. మన సితార్ తరఫ్ తీగల్లా అవి వాటంతటవే మార్మోగుతాయి. ఎడమచేతి బొటనవేలితో మీటవచ్చు కూడా. కష్టసాధ్యమైన ఈ వాద్యాన్ని వాయించేవాళ్లు ఆనాడే అరుదు. వాళ్లలో ఒకడు హంగేరీ మహాభూస్వామి నికొలాస్ ఎస్టర్‌హాజీ.

హేడన్ బండిచక్రాలు చేసే పనివాడి కొడుకు. 1761లో ఆ వంశంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం అతడు కొలువు ఉడుపులు వేసుకోవాలి. రోజుకు రెండుసార్లు ముందుగదిలో ఆజ్ఞకోసం నిలబడాలి. అనుమతి లేకుండా ఇతరులకు రాయరాదు. 1765లో, బారిటన్‌కి మరింత శ్రద్ధగా రాయమని ప్రభువు మందలించాడు. తర్వాత సుమారు పదేళ్లలో 126 దాకా ట్రయోలు వచ్చాయి. ఎక్కువ భాగం బారిటన్, వయోలా, చెల్లోలకు రాసినవే.

ఈ దాస్యం జీవితచరిత్రలోనే కాదు, శిల్పంలోనూ ఉంది. ఎక్కువగా డి, ఎ, జి మేజర్ శ్రుతులే. అవి ఆ వాద్యానికీ ప్రభువు వేళ్లకూ అనువైనవి. తొలి ట్రయోలలో పాట బారిటన్‌ది, ఊతం మిగతా ఇద్దరిది. కళ వర్గాతీతమనే పెద్దలు ఇది వినాలి.

అయితే 97వ ట్రయో కూడా వినాలి. ప్రభువు జన్మదినానికి రాసిన ఈ కృతి చివరిభాగం ఒక ఫ్యూగ్. అందులో ఒకరు ఎత్తుకున్న పల్లవిని మిగిలిన ఇద్దరూ వంతులవారీగా అందుకుంటారు. ఊతంగా మిగిలిపోయేవాళ్లు ఎవరూ ఉండరు. ప్రభువు కూడా తన వంతు కోసం ఆగాలి. హేడన్ తిరుగుబాటు చేశాడని నేననను. ఫ్యూగ్ అప్పటికే పాత రూపం. కాని మూడు గొంతుకలను సమానంగా నడిపే పనితనం ఆజ్ఞలో లేదు, పనిచేసిన చేతిలో ఉంది. 1772 నాటి ఆరు క్వార్టెట్లలో మూడింటి ముగింపులు ఫ్యూగులే. ఆస్థానకళ అంతా చెత్త అనే మన యువమిత్రులు ఈ పనితనాన్ని కూడా పారేస్తున్నారు.

1779 నాటి కొత్త ఒప్పందంలో ఇతరులకు రాయరాదన్న షరతు తొలగింది. నికొలాస్ 1790లో మరణించాడు. బారిటన్ మూలపడింది, ట్రయోలు చాలాకాలం కాగితాలమీదే ఉండిపోయాయి. వయొలిన్ ఉన్న ప్రతి ఊళ్లో క్వార్టెట్లు మాత్రం మోగాయి. రెండింటినీ రాసింది ఒకే చెయ్యి. తేడా వాటిని అందుకోగలిగిన జనంలో ఉంది.

ఆ విద్యార్థికి ఇప్పుడైతే ఇలా చెబుతాను: ఎవరికోసం రాశాడో దాచకు, ఎలా రాశాడో వదులుకోకు. ఇక రచయితలమైన మనం, పదిమంది చేతికందని వాద్యానికి రాస్తున్నామేమో ఒకసారి చూసుకోవాలి.